పొగతో చక్రం తిప్పించిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచి

 

మన గోడపత్రికలో ప్రతి నెలా ఒక గొప్పవారి జీవిత చరిత్ర రాసుకుంటున్నాం. కుమ్రం భీం గారిది, అంబేడ్కర్ గారిది, సావిత్రిబాయి ఫూలే గారిది అయిపోయినయి. ఈ నెల నా వంతు వచ్చింది. నేను ఎన్నుకున్నాయన పేరు మనలో ఎక్కువ మంది విని ఉండరు. కాని ఆయన కనిపెట్టిన వస్తువు మన ముందు నుంచే రోజూ పోతది. లారీల మీద, జీపుల వెనక, కార్ల డిక్కీ మీద టర్బో అని రాసి ఉంటది, చూశారా? ఆ టర్బోను కనిపెట్టిన వారే ఆల్‌ఫ్రెడ్ బ్యూచి గారు. మా మేనమామ హైదరాబాదులో అమీర్‌పేట దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తడు. అందుకే నాకు ఈయన మీద ఇష్టం కలిగింది. మామ చెప్పిన సంగతులు కూడా మధ్యలో రాస్తాను.

పుట్టుక, చదువు

బ్యూచి గారు 1879వ సంవత్సరం జూలై 11న స్విట్జర్లాండ్ దేశంలో వింటర్‌టూర్ అనే పట్టణంలో జన్మించారు. ఆ పట్టణంలో సుల్జర్ అనే పెద్ద ఇంజన్ల కంపెనీ ఉండేది. ఆయన తండ్రి యోహాన్ గారు ఆ కంపెనీలోనే పెద్ద అధికారి. అంటే మన లాగా ఇంట్లో మొదటిసారి చదువుకున్న మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ ఇంజన్ల మాటలు వింటూ పెరిగారు.

ఇంకో విచిత్రం ఏమంటే, డీజిల్ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ గారు తన చదువు చివర్లో పని నేర్చుకోవడానికి వచ్చింది కూడా ఈ సుల్జర్ కంపెనీకే. అదీ 1879లోనే. ఒకాయన పని నేర్చుకోవడానికి వచ్చిన ఏడాదే, ఆ ఇంజనుకు బలం పెంచే ఇంకొకాయన అదే ఊరిలో పుట్టారన్నమాట. 1898లో సుల్జర్ కంపెనీ తన మొదటి డీజిల్ ఇంజను తయారు చేసింది. అప్పటికి బ్యూచి గారికి 19 ఏళ్ళు.

ఆయన జ్యూరిక్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత బెల్జియం, ఇంగ్లాండు దేశాలలో కొన్నాళ్ళు ఇంజనీరుగా పని చేశారు.

ముందుగా ఇంజను సంగతి

బ్యూచి గారు ఏం చేశారో తెలియాలంటే ఇంజను ఎట్లా నడుస్తదో కొంచెం తెలియాలి. మనం పొయ్యి ఊదుతాం కదా. ఊదుగొట్టంతో గాలి పోతే కట్టె భగ్గుమంటది. మా ఊరి కమ్మరాయన కొలిమికి తిత్తి కొడతడు. తిత్తి ఎంత గట్టిగా కొడితే ఇనుము అంత ఎర్రగా కాలుతది. కట్టెలు మాత్రమే వేస్తే మంట పెరగదు, గాలి కూడా పెరగాలి.

ఇంజను కూడా అంతే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండరు గాలి పీల్చుకుంటది. అది ఎంత పీల్చగలదో అంతే గాలి వస్తది. గాలి అంతే వస్తే పెట్రోలు గాని డీజిల్ గాని అంతే పోయాలి. ఎక్కువ పోస్తే మండకుండ నల్ల పొగ వస్తది. అందువల్ల ఇంజను బలం పెంచాలంటే ఆ రోజుల్లో ఇంజనునే పెద్దది చేసేవారు. పెద్దదైతే బరువు, ధర కూడా పెరుగుతాయి.

ఇంకో సంగతి. ఇంజనులో మండిన ఇంధనం శక్తి అంతా చక్రాలకు పోదు. అందులో సుమారు మూడో వంతు వేడి పొగతో పాటు గొట్టంలోంచి బయటికి పోతది. ఇంకా కొంత రేడియేటరు నీళ్ళలో పోతది. పొగగొట్టం దగ్గర చెయ్యి పెడితే పొగ ఎంత వేడిగా, ఎంత జోరుగా తగులుతదో డ్రైవర్లకు తెలుసు. ఆ జోరంతా ఊకెనే పోతున్నది.

1905లో వచ్చిన ఆలోచన

బ్యూచి గారికి వచ్చిన ఆలోచన ఇదే. పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పాలి. ఆ చక్రం ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉండాలి. అది బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపాలి. కొలిమి నుంచి వచ్చే పొగే తిరిగి తిత్తి కొడితే ఎట్లా ఉంటది? అదే టర్బో. దానికి వేరే పెట్రోలు అక్కరలేదు, వేరే మోటారు అక్కరలేదు.

1905 నవంబరు 16న ఆయన జర్మనీలో దీనికి పేటెంటు తీసుకున్నారు. దాని నెంబరు 204630. పేటెంటు అంటే ఈ ఆలోచన మొదట నాది అని ప్రభుత్వం ఇచ్చే కాగితం. అప్పుడు ఆయన వయసు 26 ఏళ్ళు.

ఇక్కడితో కథ అయిపోయింది అనుకోవద్దు. అసలు కష్టం ఇక్కడే మొదలయింది.

ఇరవై ఏళ్ళ కష్టం

బ్యూచి గారు స్వదేశానికి తిరిగి వచ్చి 1909లో సుల్జర్ కంపెనీలో డీజిల్ ఇంజన్ల పరిశోధన విభాగంలో చేరి దానికి పెద్దగా ఉన్నారు. 1911లో ప్రయోగాలకు ఇంజను బిగించారు. కాగితం మీద బాగున్నది ఇంజను మీద సరిగా నడవలేదు. ఆ రోజుల్లో అంత వేడిని తట్టుకొని, అంత వేగంగా తిరిగే లోహాలు దొరకలేదు. గాలిని నొక్కే చక్రాలు కూడా అంత బాగా పని చేయలేదు. పొగ ఇచ్చిన బలమంతా చక్రం తిరగడానికే సరిపోయేది. ఇంజనుకు మిగిలేది తక్కువ.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో ఆయన ఇంకొక నమూనా తయారు చేశారు. ఆ ఏడాదే బ్రౌన్ బోవెరి అనే కంపెనీ వారిని టర్బో చేసి పెట్టమని అడిగారు. కాని వారితో ఒప్పందం కుదరడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. చాలామంది ఇంజనీర్లు ఇది అయ్యే పని కాదని అనుకున్నారు.

ఈ లోపల వేరే దేశాలలో వేరే వారు టర్బోను విమానాలకు పెట్టి చూశారు. ఫ్రాన్సులో రాటో గారు, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ గారు. ఎత్తుకు పోతే గాలి పలచబడతది కదా. 1918లో మాస్ గారు ఒక విమానం ఇంజనును లారీ మీద పెట్టుకొని పైక్స్ పీక్ అనే 14,000 అడుగులకు పైగా ఎత్తున్న కొండ ఎక్కారు. కింద 350 హార్స్ పవర్ ఇచ్చే ఇంజను కొండ మీద 230కి పడిపోయింది. టర్బో పెట్టగానే 356 ఇచ్చింది. ఆలోచన మంచిదేనని దీంతో తెలిసింది. కాని ఓడలకు, కరెంటు తయారీకి వాడే పెద్ద డీజిల్ ఇంజన్లు రోజుల తరబడి ఆగకుండ నడవాలి. వాటికి టర్బో నిలబడుతుందా అన్నది తేలలేదు.

1924లో బ్రౌన్ బోవెరి కంపెనీ నుంచి పెద్ద డీజిల్ ఇంజనుకు వేసే మొదటి టర్బో తయారై వచ్చింది. 1925లో బ్యూచి గారు అసలు చిక్కు విప్పారు. దానికి ఆయన ఇంజనులోనే రెండు మార్పులు చేశారు.

మొదటిది, పొగ పోయే తలుపు మూసుకోక ముందే గాలి వచ్చే తలుపు కొంచెం తెరిచారు. ఇంజనులో ఈ తలుపులను వాల్వులు అంటారు. కొత్త గాలి వచ్చి సిలిండరులో మిగిలిన పొగను నెట్టేస్తది, లోపల చల్లబరుస్తది కూడా.

రెండోది, సిలిండర్లన్నిటి పొగను ఒకే గొట్టంలోకి వదలలేదు. మన హాస్టల్‌లో భోజనం గంట కొట్టగానే అందరం ఒకే తలుపులో దూరితే ఏమైతది? ఎవరూ పోలేరు, వెనక్కి నెట్టుకుంటం. పొగ కూడా అంతే, ఒక సిలిండరు పొగ పోయి ఇంకో దానికి అడ్డం పడేది. ఆయన ఒకదానికొకటి అడ్డం రాని సిలిండర్లను కలిపి వేరు వేరు గొట్టాలు పెట్టారు. పొగ దెబ్బ దెబ్బగా వచ్చి చక్రాన్ని గట్టిగా తిప్పింది. బలం నూటికి 40 వంతుల కంటే ఎక్కువ పెరిగింది.

1905 నుంచి 1925 వరకు లెక్క పెడితే సరిగ్గా 20 ఏళ్ళు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు.

రెండు ఓడలు

1926లో జర్మనీలో ప్రాయిసెన్, హాన్‌సెస్టాట్ డాన్‌జిగ్ అనే రెండు ప్రయాణికుల ఓడలకు ఈ టర్బో ఇంజన్లు వేశారు. ఒక్కో ఇంజనుకు 10 సిలిండర్లు. టర్బో లేకపోతే ఆ ఇంజను 1,750 హార్స్ పవర్ ఇచ్చేది. టర్బోతో 2,500 ఇచ్చింది. ఓడలు సముద్రంలో బాగా నడిచినయి. ఇక ఎవరూ అయ్యే పని కాదని అనలేదు. తర్వాత బ్యూచి గారు, బ్రౌన్ బోవెరి వారు, వింటర్‌టూర్‌లోని రైలు ఇంజన్ల కంపెనీ వారు కలిసి ఒక సంఘంగా పని చేశారు. చాలా దేశాల కంపెనీలకు ఈ పద్ధతి నేర్పారు. 1938లో స్విట్జర్లాండ్‌లోనే సౌరర్ అనే కంపెనీ లారీకి టర్బో ఇంజను పెట్టింది.

అమీర్‌పేట షెడ్డులో తెలిసింది

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా పైన మెట్రో రైలు పోతది, కింద బస్సులు, కార్లు, ఆటోలు ఒకదానికొకటి ఆనుకొని పోతయి. గోడల నిండ కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఆ పెద్ద రోడ్డు వదిలి గల్లీలోకి పోతే మా మామ పని చేసే షెడ్డు వస్తది. మామ ఏడో తరగతి వరకే చదివిండు. కాని ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు సరిగా కొడతలేదో చెప్తడు.

దసరా సెలవులకు నేను అక్కడికి పోయినప్పుడు ఒక అన్న పాత పెట్రోలు ఇంజను ఆటోలో వేసుకొని వచ్చిండు. అది టర్బో లేని ఇంజను. దానికి టర్బో వేసి తన కారులో ఉన్న ఇంజను తీసేసి దీన్ని ఎక్కించాలన్నడు. టర్బో బిగిస్తే చాలు, ఒక్క రోజు పని అనుకున్నడు. మామ ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోయిండు. నేను నోటుబుక్కులో రాసిన.

1. పొగ బయటికి వచ్చే మానిఫోల్డు మార్చాలి. అది టర్బో బరువు మోయాలి, ఎర్రగా కాలే వేడికి పగలకూడదు.

2. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్ల కంటే ఎక్కువ తిరగగలదు. ఇరుసుకు ఆయిలు ఆగకుండ రావాలి. ఇంజను నుంచి ఆయిలు తెచ్చే సన్న గొట్టం, తిరిగి కింది ఆయిలు చాంబరుకు పోయే లావు గొట్టం వేయాలి. తిరిగి పోయే గొట్టం వాలుగా కిందికే ఉండాలి, వంకర పోతే ఆయిలు నిలిచి నీలం పొగ వస్తది.

3. పిస్టన్లు మార్చాలి. టర్బో లేని పెట్రోలు ఇంజను గాలిని సుమారు పదో వంతుకు నొక్కుతది. టర్బో ముందే నొక్కి పంపుతది కాబట్టి లోపల నొక్కుడు తగ్గించాలి. తొమ్మిదికో, ఎనిమిదిన్నరకో తేవాలి. లేకపోతే పెట్రోలు సమయం కాకముందే అంటుకొని టకటక కొడతది. పిస్టనుకు బొక్క పడతది.

4. హెడ్డు గ్యాస్కెట్టు, బోల్టులు గట్టివి వేయాలి.

5. గాలి పెరిగితే పెట్రోలు కూడా పెరగాలి. ఇంజెక్టర్లు, పంపు, వాటిని నడిపే కంప్యూటరు లెక్క అంతా మార్చాలి. పెట్రోలు తక్కువైతే వేడి పెరిగి పిస్టన్ కరుగుతది.

6. గాలిని నొక్కితే వేడెక్కుతది. సైకిలు పంపు కొట్టినప్పుడు కింద చెయ్యి పెడితే తెలుస్తది. దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ పెట్టాలి. రేడియేటరు కూడా పెద్దది కావాలి.

7. బలం పెరిగితే క్లచ్చు, గేరుబాక్సు, ఇంజను మౌంటింగులు తట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు.

8. కాగితాలు. ఇంజను మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో కొత్త ఇంజను నెంబరు ఎక్కించాలి. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ తయారు చేసిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని తీర్పు చెప్పింది. కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు చేయరాదు.

ఇవన్నీ విన్నాక ఆ అన్న ముఖం చిన్నబోయింది. కంపెనీలోనే టర్బోతో తయారైన ఇంజను దొరికితే ఖర్చు తక్కువ, ప్రాణానికి భద్రం అని మామ చెప్పిండు. ఆలోచించుకొని వస్తనని ఆ అన్న పోయిండు. మామకు ఒక పని పోయినట్టే. అయినా బ్రేకు చాలని బండి ఇచ్చి పంపితే రోడ్డు మీద పోయేది మనిషి ప్రాణమని మామ అన్నడు.

బ్యూచి గారి 20 ఏళ్ళ సంగతి తర్వాత చదివితే నాకు ఈ లిస్టు గుర్తుకు వచ్చింది. ఆయన కూడా టర్బోను ఇంజనుకు తగిలించి ఊరుకోలేదు. వాల్వులు మార్చారు, గొట్టాలు మార్చారు, ఇంజను మొత్తం టర్బోకు తగినట్టు చేశారు. అప్పుడే అది నడిచింది.

పెద్ద కంపెనీ వారికి కూడా ఇదే పాఠం ఎదురైంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు అమ్మారు. అప్పటికే ఉన్న ఇంజనుకు టర్బో వేశారు, కాని లోపలి నొక్కుడు తగ్గించలేదు, పదికి పైనే ఉంచారు. టకటక కొట్టకుండ ఉండడానికి నీళ్ళు, ఒక రకం స్పిరిటు కలిపిన ద్రవం చిమ్మే డబ్బా పెట్టారు. చాలామంది ఆ డబ్బా నింపడం మరిచిపోయారు. ఇబ్బందులు వచ్చినయి. 1963 తర్వాత ఆ కారు ఆపేశారు. చాలా కార్లకు టర్బో ఊడదీసి మామూలు ఇంజనుగా మార్చారు.

చివరి రోజులు

బ్యూచి గారు 1959 అక్టోబరు 27న తాను పుట్టిన వింటర్‌టూర్‌లోనే మరణించారు. అప్పటికి 80 ఏళ్ళు నిండినయి. టర్బో కార్లు జనానికి అమ్మడం మొదలైంది ఆయన పోయిన మూడేళ్ళకు. అవి ఆయన చూడలేదు. కాని ఓడలు, రైలు ఇంజన్లు, లారీలు చూశారు. ఈ రోజు సముద్రం మీద సరుకులు మోసే పెద్ద పెద్ద ఓడలు టర్బో లేకుండ నడవవు. కొత్తగా వచ్చే డీజిల్ బస్సులు, లారీలకు కూడా టర్బో ఉంటది.

మనం నేర్చుకోవలసినవి

బ్యూచి గారికి తండ్రి ఇంజన్ల కంపెనీలో ఉన్నారు, పెద్ద చదువు ఉంది, ప్రయోగాలకు ఫ్యాక్టరీ ఉంది. అన్నీ ఉన్న ఆయనకే 20 ఏళ్ళు పట్టింది. మన దగ్గర ఒక్కసారి లెక్కల్లో ఫెయిలైతే ఇంటికి పోయి మళ్ళీ రాని వాళ్ళు ఉన్నారు. పోయిన ఏడాది మన గదిలో నలుగురం పక్కపక్కన పడుకునేటోళ్ళం, ఇప్పుడు ముగ్గురమే. ఆమె పేరు రాయను, కాని ఆమెకు ఈ కథ చెప్పాలని ఉంది.

ఇంకొకటి. షెడ్డులో మామ దగ్గర ఇంగ్లీషులో ఉన్న ఒక బొమ్మల కాగితం ఉంది. అందులో ఆయిలు లోపలికి ఎక్కడ, బయటికి ఎక్కడ అని నేను చదివి చెప్పిన. ఆ రెండు మామకు చేతితోనే తెలుసు. కాని చుట్టూ రాసిన అంకెలు, కొలతలు ఆయనకు తెలియవు. వాటిని ఇంకొకరితో చదివించుకోవాలి. నాకు అక్షరాలు వచ్చు, పని రాదు. రెండూ ఒకే మనిషికి వస్తే ఎంత బాగుంటది! పది పాసయినాక ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు, డీజిల్ మెకానిక్ ట్రేడు ఉంటయి, పాలిటెక్నిక్‌లో మెకానికల్, ఆటోమొబైల్ ఉంటయి. ఆడపిల్లలు కూడా చేరవచ్చు. నేను చేరుదామనుకుంటున్న. మా బాపు ఇంకా ఒప్పుకోలేదు. మామ మాట్లాడతనన్నడు.

చదివిన వాళ్ళకు ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి తొమ్మిదో తరగతి మానిటరుకు ఇవ్వండి)

1. టర్బో చక్రాన్ని తిప్పేది ఏది?
2. ప్రాయిసెన్ ఓడ ఇంజను బలం టర్బోతో నూటికి ఎన్ని వంతులు పెరిగింది? లెక్క చేసి చూపండి.
3. సైకిలు పంపు కింది భాగం ఎందుకు వేడెక్కుతుంది?
4. లారీ డ్రైవర్లు దూరం నుంచి వచ్చి ఆగినాక ఇంజను వెంటనే ఆపకుండ కొంచెం సేపు ఊరికే తిరగనిస్తారు. ఎందుకు? (రెండో నెంబరు పాయింటు మళ్ళీ చదవండి.)

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. వచ్చే నెల మన హాస్టల్‌కు బియ్యం లారీ వచ్చినప్పుడు డ్రైవరు అన్నను అడిగి, ఇంజను చల్లబడినాక బానెట్టు తీయించి మాకు టర్బో చూపించగలరు. చిన్న తరగతుల వాళ్ళను కూడా వరుసలో తీసుకొస్తాము. ఎవరం చెయ్యి పెట్టము.